ఆ డివిజన్ "మొదటి నుంచీ వాళ్లదే" అనే ముందు: ఒంగోలు, నెల్లూరు శివార్ల ఓటు చరిత్ర

[తెరపై: ఒంగోలు నగరపాలక సంస్థ డివిజన్ల పటం]

నమస్కారం. కార్పొరేషన్ ఎన్నికల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఆ డివిజన్ మొదటి నుంచీ ఫలానా పార్టీదే." టీకొట్టు దగ్గర ఎవరో కాలక్షేపానికి అంటే సరిపెట్టుకోవచ్చు కానీ, టికెట్టు ఆశించేవారు, వారికి సలహాలు ఇచ్చేవారు కూడా ఇదే మాటను లెక్కగా చూపినప్పుడు నాకు చిరాకు కలుగుతుంది. ఆ మొదలు ఏ సంవత్సరంలో ఉందని అడిగితే ఎవరూ చెప్పరు. నగరం నడిబొడ్డున ఉన్న వార్డు విషయంలో ఆ మాటకు కొంత ఆధారం ఉండవచ్చు. శివారు డివిజన్ విషయంలో మాత్రం అది దాదాపు ఎప్పుడూ నిలబడదు.

కారణం అర్థం కావడానికి ఒకసారి రైలెక్కుదాం. పాత స్లీపర్ పెట్టెలో 72 బెర్తులు ఉండేవి. 72వ బెర్తు అంటే చిట్టచివరిది. పక్కనే తలుపు, మరుగుదొడ్డి, రాత్రంతా వచ్చిపోయేవారి అలికిడి. ఇప్పుడు నడుస్తున్న ఎల్‌హెచ్‌బీ రకం కొత్త స్లీపర్ పెట్టెలో 80 బెర్తులు ఉన్నాయి. 72 తర్వాత ఇంకొక వరుస చేరింది కనుక ఆ బెర్తు ఇప్పుడు చివరిది కాదు. దాని మీద అంకె మారలేదు, చుట్టూ ఉన్న పెట్టె మారింది. పాత పెట్టెలో పడిన ఇబ్బందిని గుర్తుపెట్టుకొని కొత్త పెట్టెలో 72వ బెర్తును తిట్టడం ఎంత సబబో, పాత వార్డు ఫలితాన్ని అదే అంకె ఉన్న నేటి డివిజన్‌కు అంటగట్టడమూ అంతే సబబు.

ఒంగోలునే చూడండి. 1876లో పురపాలక సంఘమైన ఈ పట్టణం 2012 జనవరిలో నగరపాలక సంస్థ అయింది. కొప్పోలు, పెళ్లూరు, త్రోవగుంట వంటి చుట్టుపక్కల గ్రామాలు ఆ మార్పుతో నగరంలో భాగమయ్యాయి. అంటే పెట్టెకు కొత్త వరుసలు చేరాయి, అంతవరకు ఊరి చివర ఉన్న వార్డులు లోపలికి జరిగాయి, మొత్తం 50 డివిజన్లకు కొత్తగా హద్దులు గీశారు. పాత పురపాలక సంఘం వార్డుల అంకెలకు ఈ 50 అంకెలతో నేరుగా పొంతన కుదరదు.

ఆ గ్రామాల ఓటు చరిత్రలో ఇంతకంటే ఆసక్తికరమైన ఘట్టం ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు 2006లో జరిగాయి, ఆ పాలకవర్గాల గడువు 2011లో ముగిసింది. 2013లో మళ్లీ పంచాయతీ ఎన్నికలు వచ్చేసరికి ఈ ఊళ్లు నగరంలో ఉన్నాయి కనుక వాటికి సర్పంచి ఎన్నిక లేదు. 2014 మార్చి 30న పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు నెల్లూరుకు పోలింగ్ జరిగింది కానీ ఒంగోలుకు జరగలేదు. చివరకు 2020 మార్చిలో నామినేషన్లు వేశారు. కరోనా కారణంగా ప్రక్రియ ఆగిపోయింది. ఏడాది తర్వాత, ఆగిన చోటి నుంచే మొదలై, 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. 2006లో సర్పంచిని ఎన్నుకున్న ఓటరు తన ఊరి స్థానిక ప్రతినిధి కోసం మళ్లీ ఓటు వేయడానికి దాదాపు 15 ఏళ్లు ఆగవలసి వచ్చిందన్నమాట. 2011లో సర్పంచుల గడువు ముగిశాక అధికారుల పాలనే సాగింది. పదిహేనేళ్ల ఖాళీ ఉన్న చోట "మొదటి నుంచీ" అనే మాటను ఎక్కడ అతికిస్తారు?

పైగా 2006లో ఆ ఓటరు వేసిన ఓటుకు పార్టీ గుర్తే లేదు. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ రహితంగా జరుగుతాయి. కార్పొరేటర్ ఎన్నిక పార్టీ గుర్తులపై జరుగుతుంది. సర్పంచిగా గెలిచిన వ్యక్తి ఏ నాయకుడి మనిషో ఊరందరికీ తెలిసే ఉంటుంది, నేను కాదనను. అయినా బంధుత్వం, కులం, వీధి తగాదా కలిసి పడిన ఓటును ఒక పార్టీ ఖాతాలో జమచేయడం లెక్క అనిపించుకోదు.

[తెరపై: నెల్లూరు నగరం, రెండు శాసనసభ నియోజకవర్గాల రంగులలో]

ఇక నెల్లూరు. 1866 నుంచి పురపాలక సంఘంగా ఉన్న ఈ నగరం 2004లో నగరపాలక సంస్థ అయింది; ఇప్పుడు 54 డివిజన్లు ఉన్నాయి. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన తర్వాత వీటిలో కొన్ని నెల్లూరు సిటీ నియోజకవర్గంలో, మిగిలినవి నెల్లూరు రూరల్‌లో ఉన్నాయి. శివారులోని బుజబుజ నెల్లూరు వాసి నగర మేయరును ఎన్నుకునే కార్పొరేటర్‌కు ఓటు వేస్తాడు, రూరల్ శాసనసభ్యుడికీ వేస్తాడు. కాబట్టి "సిటీలో వచ్చిన మెజారిటీ" చూపి అతని డివిజన్ గురించి మాట్లాడితే వేరే పెట్టె చార్టు చూసి ఈ పెట్టెలోని ప్రయాణికుల పేర్లు చదివినట్టే.

2021 నవంబరులో నెల్లూరులో 54కు 54 డివిజన్లూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. ఆ ఫలితాన్ని చూపి ఒక్కొక్క డివిజన్‌నూ ఆ పార్టీ కంచుకోట అన్నవారు ఉన్నారు. అన్నీ ఒకే వైపు పోయినప్పుడు, ఒక డివిజన్‌కు ఇంకొక దానికి తేడా ఏమిటో గెలుపు చెప్పదు, ఓట్ల తేడాలే చెప్పాలి. అందులోనూ 8 డివిజన్లు ఏకగ్రీవం. అక్కడ పోలింగే జరగలేదు కనుక ఓటరు మొగ్గు గురించి ఆ ఫలితం నుంచి తెలిసేది శూన్యం. అదే ఏడాది ఒంగోలులో 50లో 41 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, 6 తెలుగుదేశానికి, 1 జనసేనకు, 2 స్వతంత్రులకు వచ్చాయి. చరిత్ర వెతకాలంటే నేను ఈ చివరి తొమ్మిదింటి దగ్గర మొదలుపెడతాను.

సమయం మించిపోతోంది కనుక రిజర్వేషన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 74వ రాజ్యాంగ సవరణ మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు కేటాయించమంది, మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ కేటాయింపులు వేరుగా ఉన్నాయి. ఇవి డివిజన్ల మధ్య మారుతూ ఉంటాయి. ఒక విడత మహిళల కోటాలో ఉన్న బెర్తు మరో విడత అందరికీ తెరుచుకుంటుంది. పాత కార్పొరేటర్ మళ్లీ నిలబడలేదంటే ఓడిపోతానని భయపడ్డాడని అనుకోకండి. ముందు ఆ విడత రిజర్వేషన్ జాబితా చూడండి.

ఓటర్ల జాబితా సంగతి ఇంకా త్వరగా చెబుతాను. శాసనసభ జాబితానే వార్డుల వారీగా విడదీస్తారు కాబట్టి, హద్దు ఒక రోడ్డు అవతలికి జరిగితే ఆ వీధి ఓట్లన్నీ పక్క డివిజన్‌కు పోతాయి. అందుకే డివిజన్ అంకెను వదిలి పోలింగ్ కేంద్రాన్ని పట్టుకోండి. శాసనసభ ఎన్నికల తర్వాత ఎన్నికల సంఘం ఇచ్చే ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లు ఉంటాయి. 2014, 2019, 2024 పట్టికలను తీసుకొని, మీ ఊరి బడిలో ఉన్న కేంద్రాల వరుసలను పక్కపక్కన పెట్టండి. కేంద్రాల అంకెలు కూడా మారుతుంటాయి కనుక, అంకెతో కాకుండా బడి పేరుతో, వీధి పేరుతో సరిపోల్చండి. ఆ పట్టికలోనివి శాసనసభ్యుడి కోసం పడిన ఓట్లు, కార్పొరేటర్ కోసం పడినవి కావు. ఆ రెండింటినీ ఒకే గడిలో కలపకండి.