మార్జరీ ఏడుపుకి తోబుట్టువులు ఎక్కడున్నారు?

అందరికీ నమస్కారం. ఈరోజు హోప్ ఎమిలీ ఆలెన్ అనే అమెరికన్ పరిశోధకురాలి గురించి మాట్లాడతాను. 1934లో ఇంగ్లండ్‌లోని ఒక పాత కుటుంబం వాళ్ల ఇంట్లో ఉన్న రాతప్రతిని లండన్‌లో ఒక మ్యూజియంకి తెస్తే, అదేమిటో చెప్పమని ఆలెన్‌ని అడిగారు. ఆమె గుర్తుపట్టేశారు. సుమారు ఆరువందల ఏళ్ల కింద ఇంగ్లండ్‌లోని లిన్ అనే ఊళ్లో ఉన్న మార్జరీ కెంప్ దగ్గరుండి చెప్పి రాయించిన తన జీవితకథ అది. అప్పటిదాకా మార్జరీ పేరు మీద ఉన్నది 1501 ప్రాంతంలో అచ్చయిన కొద్దిపేజీల భక్తి పుస్తకం ఒక్కటే, అందులో ఆవిడ నోరెత్తని సాధువులా కనబడుతుంది.

రాతప్రతిలో ఉన్నావిడ వేరు. మేయర్ కూతురు, 14 మంది పిల్లల తల్లి, జెరూసలేం వెళ్లొచ్చిన మనిషి. క్రీస్తు పడ్డ బాధ గుర్తొస్తే చాలు, చర్చిలో ప్రసంగం నడుస్తున్నా సరే, గొంతెత్తి ఏడ్చేసేది. తోటి యాత్రికులు ఆ ఏడుపు భరించలేక దారిలో వదిలేసి పోయారు. పుస్తకం బయటికొచ్చాక ఇదంతా హిస్టీరియా అన్నవాళ్లు తక్కువేం కాదు.

ఆలెన్ అంత తేలిగ్గా తీసిపారెయ్యలేదు. ఇలా ఏడ్చినవాళ్లు ఇంకెక్కడ ఉన్నారని వెతికారు, సముద్రం అవతల జర్మన్ మాట్లాడే ఊళ్లలో దొరికారు. మార్జరీకి వాళ్ల సంగతి తెలిసే ఉంటుందని ఆమె ఆలోచన. డాన్జిగ్‌లో (ఇప్పుడు పోలండ్‌లోని గ్డాన్‌స్క్) కాపురం చేసిన డొరొథియానే చూడండి. భర్త కత్తులు చేసేవాడు, తొమ్మిదిమంది పిల్లల్లో మిగిలింది ఒక్క కూతురు, ఇక ఆవిడ కన్నీళ్లకి అంతు లేదు. భర్త పోయాక 1393లో మారియెన్‌వెర్డర్ చర్చిలో ఒక గదిలో ఉండి తలుపు మూయించేసుకుంది, మరుసటి ఏడు అక్కడే కన్నుమూసింది.

ఇది ఊరికే కుదిర్చిన పోలిక కాదు. మార్జరీ కొడుకు డాన్జిగ్ వైపే స్థిరపడి అక్కడి పిల్లనే చేసుకున్నాడు. అతను పోయాక 1433లో, అరవై ఏళ్ల వయసులో, మార్జరీ కోడలితో పాటు ఓడెక్కి, తుఫానుకి నార్వే తీరానికి కొట్టుకుపోయి, చివరికి డాన్జిగ్ చేరి ఐదారు వారాలు ఉంది. అసలు ఆవిడ కథ మొదట రాసిపెట్టినవాడు కూడా జర్మన్ ప్రాంతంలో కాపురమున్న ఇంగ్లీషువాడే. అది అటు సరైన ఇంగ్లీషూ కాదు, ఇటు జర్మనూ కాదు, అక్షరాల తీరు కూడా వేరే. దాన్ని తిరగరాస్తానని ఒప్పుకున్న ఫాదర్‌కి చదవడం చేతకాక ఏళ్ల తరబడి పక్కన పెట్టేశాడు. ఆ మొదట రాసినవాడు మార్జరీ కొడుకే అని చాలామంది పండితులంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

ఒక అభ్యంతరం ఉంది. స్వీడన్‌కి చెందిన సెయింట్ బ్రిజిట్‌ని తలుచుకునే మార్జరీ డొరొథియా పేరు మాత్రం ఎక్కడా ఎత్తదు. నిజమే. కానీ డొరొథియాని సెయింట్‌గా ప్రకటించాలని విచారణ మొదలై, జనం వచ్చి సాక్ష్యం చెప్పింది 1404లో. తర్వాత ముప్ఫై ఏళ్లైనా తిరక్కుండానే మార్జరీ ఆ ఊళ్లో దిగింది. అన్ని వారాలు అక్కడుంటే "మా ఊళ్లోనూ ఒకావిడ ఇలాగే ఏడ్చేది" అని ఒక్కరైనా ఆమె చెవిన వెయ్యకుండా ఉంటారా? అందుకే నేను ఆలెన్ పక్షం.

1940లో అచ్చయిన ప్రతికి నోట్స్ రాసి, మిగతాదంతా రెండో సంపుటంలో చెబుతానన్న ఆలెన్, అది పూర్తికాకుండానే 1960లో పోయారు. మీలో జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే మార్జరీ పుస్తకం రెండో భాగంతో మొదలుపెట్టండి. డాన్జిగ్ ప్రయాణం అంతా అందులోనే ఉంది, పది అధ్యాయాలే.