రన్ అంటే పరిగెత్తడం ఒక్కటేనా?

తమ్ముడు: హాయ్ అండీ అందరికీ, వెల్‌కమ్ బ్యాక్. ఈరోజు చిన్న పదం, రన్. అక్క స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంది కాబట్టి మాట్లాడేది తనే, నేనేమో సాఫ్ట్‌వేర్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదో ఒకటి రన్ చేస్తూనే ఉంటా కాబట్టి మధ్యమధ్యలో దూరుతుంటా.

అక్క: సరే, నువ్వే చెప్పు, రన్ అంటే ఏంటి?

తమ్ముడు: పరిగెత్తడం. క్రికెట్‌లో అయితే పరుగు.

అక్క: మరి నీ కోడ్ పరిగెడుతుందా?

తమ్ముడు: మా కోడ్ పాకుతుంది అక్కా. (నవ్వు)

అక్క: నవ్వుతున్నావ్ గానీ, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వాళ్లు ఈ ఒక్క క్రియకి లెక్కేసిన అర్థాలు 645. అంతకుముందు సెట్ అనే పదం ముందుండేది, 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో దానికి 430 దాకా ఉన్నాయి. తర్వాత రన్ దాన్ని దాటేసింది. పీటర్ గిల్లివర్ అని అక్కడి ఎడిటర్, ఈ ఒక్క పదం మీదే 9 నెలలు కూర్చున్నాడు.

తమ్ముడు: 9 నెలలా! ఒక్క పదానికి?

అక్క: మరి గడియారం రన్ అవుతుంది, రైలు, మిల్లు, మోటారు, ఇప్పుడు నీ కంప్యూటర్, మెషీన్ అంటూ వచ్చిన ప్రతిదానికీ ఇదే తగిలించుకుంటూ పోయారు. అయితే 645 బట్టీ కొట్టక్కర్లేదు రా, ఇంగ్లిష్ వాళ్లకి కూడా అన్నీ తెలీవు.

తమ్ముడు: హమ్మయ్య.

అక్క: మనం గమనిస్తే సరదాగా ఉంటుంది, వాళ్లు పరిగెత్తేచోట మనం చాలాసార్లు నడుస్తాం. "హీ రన్స్ ఎ షాప్" అంటే షాపు నడుపుతున్నాడు. ఆదివారం బస్సులు రన్ అవ్వవు అంటే నడవవు. సినిమా రన్ అయితే మనకి ఆడింది, ముక్కు రన్ అయితే కారుతోంది, కొత్త కలంకారీ దుపట్టా తెల్ల షర్ట్‌తో కలిపి నానబెట్టావనుకో, కలర్ రన్ అవుతుంది, అంటే రంగు దిగుతుంది. వీటితో పెద్ద ఇబ్బంది లేదు, వింటే అర్థమైపోతాయి. మనవాళ్లు తడబడేది వేరేచోట.

తమ్ముడు: ఎక్కడ?

అక్క: ఇంట్లో పాలు అయిపోయాయి, ఇంగ్లిష్‌లో చెప్పు.

తమ్ముడు: మిల్క్ ఈజ్ ఓవర్.

అక్క: చూశావా, నువ్వే కాదు అందరూ అదే అంటారు. మన దగ్గర అందరికీ అర్థమవుతుంది, తప్పని నేను కొట్టెయ్యను, కానీ బయటివాళ్లు అలా అనరు. "వియ్ రాన్ అవుట్ ఆఫ్ మిల్క్" అంటారు. ఇక్కడ అయిపోయేది పాలే, కానీ వాక్యంలో ముందు నిలబడేది మనం. ఇంకోటి, పిల్లాడికి జ్వరంగా ఉంది.

తమ్ముడు: హీ ఈజ్ హ్యావింగ్ ఫీవర్?

అక్క: "హీ ఈజ్ రన్నింగ్ ఎ ఫీవర్". మనకి జ్వరం వస్తుంది, పిల్లాడికి "కి" పెడతాం, వాడేం చెయ్యడు పాపం. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ జ్వరాన్ని కూడా వాడే నడుపుతున్నట్టు చెప్తారు. అలాగే నాకు లేట్ అవుతోంది అంటాం కదా, వాళ్లకి "ఐ యామ్ రన్నింగ్ లేట్". పాలు, జ్వరం, లేటు, మూడింట్లోనూ జరుగుతున్నది ఒకటే, తెలుగులో మనకి ఏదో అవుతుంది, ఇంగ్లిష్‌లో మనమే చేస్తున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క తిప్పుడు అలవాటైతే చాలు, రన్ సగం వచ్చేసినట్టే.

తమ్ముడు: అమెరికా వెళ్లిన అమ్మమ్మలు తాతయ్యలు ఇక్కడే దొరికిపోతారేమో, డాక్టర్ "ఈజ్ హీ రన్నింగ్ ఎ ఫీవర్" అంటే మనవడు పరిగెడుతున్నాడా అని చూస్తారు.

అక్క: చూస్తారు మరి, పుస్తకంలో నేర్పింది అదొక్కటే కదా. అసలు నాకు ఈ "100 ఫ్రేజల్ వెర్బ్స్ ఒకే వీడియోలో" అనేవాళ్ల మీద కోపం. లిస్టు చదివితే రేపటికి ఒక్కటి గుర్తుండదు. రన్ పక్కన అవుట్, ఇంటూ, ఓవర్ లాంటి ఏ చిన్నముక్క వస్తోందో చూసి, దాంతో నీ ఇంటి గురించి ఒక వాక్యం చెప్పుకోవాలి.

తమ్ముడు: చిన్నముక్క మారితే అంత తేడా వస్తుందా?

అక్క: "ఐ రాన్ ఇంటూ యువర్ అంకుల్" అంటే మీ బాబాయ్ అనుకోకుండా కనిపించారు అని. "ఐ రాన్ ఓవర్ యువర్ అంకుల్" అన్నావో, బండితో తొక్కించేశావ్, పోలీసులొస్తారు.

తమ్ముడు: (గట్టిగా నవ్వు) కానీ మీటింగ్ రన్ ఓవర్ అయింది అని మా ఆఫీసులో రోజూ అంటారు కదా.

అక్క: అది టైమ్ దాటిపోయిందని. మనుషుల్ని వెనక పెట్టావా ప్రమాదం, మీటింగ్ ముందుందా ఆలస్యం. రన్ ఇంటూ కూడా అంతే, బండి గోడని రన్ ఇంటూ చేసిందంటే గుద్దుకుందని.

తమ్ముడు: మా దగ్గర ఇంకోటుంది అక్కా, "రన్ ఇట్ బై మీ". మొదట్లో ఫైల్ ఏదో రన్ చెయ్యమంటున్నారేమో అనుకునేవాణ్ణి.

అక్క: అది మంచిది, ఒకసారి నా చెవిన వెయ్యి అని. చూడు, తెలుగులో ఎంత హాయిగా ఉందో. ఇంకా ఎలక్షన్ సంగతి చూడు, అమెరికాలో "రన్" చేస్తారు, బ్రిటన్‌లో "స్టాండ్" అంటారు. మనం కూడా ఎమ్మెల్యేగా నిలబడ్డాడు అనే అంటాం.

తమ్ముడు: నిలబడి గెలిచాక కనబడరు.

అక్క: అది వేరే ఎపిసోడ్. గ్రామర్ ఒక్కటి చెప్పి వదిలేస్తా, రన్, రాన్, మళ్లీ రన్. మూడోది రాన్ కాదు. "ఐ హ్యావ్ రాన్ ద టెస్ట్" అని మెయిల్స్‌లో తెగ రాస్తారు, "ఐ హ్యావ్ రన్ ద టెస్ట్" అనాలి.

తమ్ముడు: నేను ఇవాళ పొద్దున కూడా క్లయింట్‌కి అలాగే పంపించా.

అక్క: పంపిస్తావ్ లే, వాళ్లకి అర్థమవుతుంది, సోమవారం నుంచి మార్చుకో.

తమ్ముడు: సరేనండీ, మీ ఇంట్లో ఇవాళ ఏం అయిపోయిందో "వియ్ రాన్ అవుట్ ఆఫ్" అని మొదలుపెట్టి మాకు వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చేవారం ప్లే చేస్తాం. వచ్చేవారం పదం "టేక్". బై!