ఇద్దరికీ 119 యార్డులే, తీసుకోవాల్సింది మాత్రం ఒక్కడినే: ఫాంటసీ ఫుట్‌బాల్‌లో స్నాప్‌లు, టార్గెట్లు చదివే పద్ధతి

[తెర మీద పక్కపక్కనే రెండు పేర్లు, రెండింటి కిందా ఒకే అంకె: 119]

నమస్కారం అండి. ఈ రెండు పేర్లూ ఒకసారి చూడండి. 2023 సెప్టెంబర్ 10, ఆదివారం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, సియాటిల్‌లో సీహాక్స్ మీద లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌కి సీజన్ మొదటి మ్యాచ్. ర్యామ్స్ 30-13తో గెలిచింది. ఆ రోజు ర్యామ్స్‌లో ఇద్దరు రిసీవర్లు, అంటే పాస్‌లు పట్టేవాళ్లు, సరిగ్గా 119 యార్డుల చొప్పున సంపాదించారు. ఒకతను నకూవా. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు, 177వ వాడిగా వచ్చాడు. ఇంకొకతను టూటూ ఆట్‌వెల్. ఇద్దరికీ ఆ మ్యాచ్‌లో టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించడం) లేదు.

ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే తెలుసు కదా, ఈ నిజమైన ఆటగాళ్లతో మన సొంత జట్టు కట్టుకుని, మైదానంలో వాళ్లు చేసినదాన్ని బట్టి పాయింట్లు తెచ్చుకోవడం. ఇప్పుడు మీరు మీ లీగ్ యాప్ తెరిచారు. ఇద్దరూ ఎవరి జట్టులోనూ లేరు. మీ దగ్గర ఒక్కడికే చోటుంది. ఎవరిని తీసుకుంటారు?

యార్డులు చూస్తే తేడా ఏమీ కనిపించదు. తేడా తెలియాలంటే పక్క గడి చూడాలి. ఈ వీడియో అంతా ఆ పక్క గడి గురించే.

[టైటిల్]

మన తెలుగువాళ్లలో అమెరికాకి వచ్చాకే ఈ ఆట చూడటం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ. ఆఫీసులో ఎవరో లీగ్‌లో చేరమంటారు, చేరతాం. అందుకని పాయింట్ల లెక్క ఒక్క నిమిషంలో చెప్పేస్తాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. మామూలు లీగుల్లో పరుగెత్తి గానీ క్యాచ్ పట్టి గానీ సాధించిన ప్రతి 10 యార్డులకూ 1 పాయింట్. టచ్‌డౌన్‌కి 6. చాలా లీగుల్లో పట్టిన ప్రతి క్యాచ్‌కీ ఇంకో పాయింట్ కలుస్తుంది. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ల లెక్క వేరు, ఈ రోజు వాళ్ల జోలికి పోవడం లేదు.

ఇక్కడొక్క విషయం గమనించండి. బంతి చేతికి రానివాడికి ఈ పాయింట్లలో ఏదీ రాదు. క్రికెట్లో మనకిది బాగా తెలిసిన సంగతే. ఎంత కొట్టగలిగినవాడైనా ఏడో నంబర్‌లో దిగితే ఒక్కోసారి అతనికి దక్కేవి ఆఖరి ఓవర్లో నాలుగు బంతులు. అందుకే ఫాంటసీ క్రికెట్ ఆడేవాళ్లు టాస్ పడగానే బ్యాటింగ్ ఆర్డర్ చూస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ బ్యాటింగ్ ఆర్డర్‌ని ముందుగా ఎవరూ ప్రకటించరు. మ్యాచ్ అయ్యాక అంకెల్లోంచి మనమే ఏరుకోవాలి.

[తెర మీద: నకూవా 15, ఆట్‌వెల్ 8]

సియాటిల్ మ్యాచ్‌కి వద్దాం. పక్క గడి పేరు టార్గెట్లు. క్వార్టర్‌బ్యాక్ ఎన్నిసార్లు ఆ ఆటగాడి వైపు బంతి విసిరాడు అన్న లెక్క అది. క్యాచ్ పట్టినా, జారవిడిచినా, బంతి అతని తల మీదుగా వెళ్లిపోయినా టార్గెట్ కిందే వస్తుంది. ఆ రోజు ర్యామ్స్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ మొత్తం 38 పాస్‌లు వేశాడు. అందులో 15 నకూవా వైపే. ఆట్‌వెల్ వైపు 8. అంటే నూటికి 39 పాస్‌లు ఒక కొత్త కుర్రాడికే! ఒక మ్యాచ్‌లో 25 శాతం దాటితేనే ఆ రిసీవర్‌ని జట్టులో పెద్ద దిక్కు కింద లెక్కేసుకోవచ్చు.

ఆట్‌వెల్ పట్టింది 6 క్యాచ్‌లు, 119 యార్డులు. క్యాచ్‌కి దాదాపు 20 యార్డులు. చూడటానికి కన్నుల పండగే, కానీ ప్రతి వారం అంత పొడుగు క్యాచ్‌లు పడతాయన్న నమ్మకం లేదు. నకూవా 10 క్యాచ్‌లు, ఒక్కోటి 12 యార్డుల లోపే. అతనికి అద్భుతాలతో పని లేదు. అన్నిసార్లు బంతి వస్తే చాలు, మామూలుగా పట్టుకుంటూ పోయినా లెక్క నిండుతుంది.

తర్వాతి వారం శాన్ ఫ్రాన్సిస్కోతో మ్యాచ్. ర్యామ్స్ ఓడిపోయింది. స్టాఫర్డ్ 55 పాస్‌లు వేస్తే 20 నకూవాకే వెళ్లాయి. 15 క్యాచ్‌లు పట్టాడు, 147 యార్డులు. ఆ మ్యాచ్‌లోనూ టచ్‌డౌన్ లేదు, అయినా 29.7 పాయింట్లు.

అప్పుడు చాలామంది అన్న మాట, "కూపర్ కప్ దెబ్బ తగిలి బయట ఉన్నాడు కాబట్టే ఇదంతా, అతను రాగానే ఈ కుర్రాడు కనపడకుండా పోతాడు" అని. తీసిపారేయాల్సిన మాట కాదది. కూపర్ కప్ అంటే ఇదే ర్యామ్స్ రిసీవర్, 2021లో 191 టార్గెట్లు, 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు సాధించిన మనిషి. అలాంటివాడు తిరిగొస్తే ఎవరో ఒకరి వాటాకి కోత పడక తప్పదు. ఐదో వారం కప్ రానే వచ్చాడు. ఆ రోజు కూడా నకూవాకి 7 క్యాచ్‌లు, ఒక టచ్‌డౌన్ వచ్చాయి. కోత పడింది ఆట్‌వెల్ వాటాకి. సీజన్ మొత్తం మీద ఆట్‌వెల్‌కి 483 యార్డులు. నకూవాకి 1,486. కొత్తగా లీగ్‌లోకి వచ్చినవాడు ఒక సీజన్లో అన్ని యార్డులు తీసిన సందర్భం అంతకుముందు లేదు.

[తెర మీద: క్యామ్ ఏకర్స్, కైరన్ విలియమ్స్]

ఇక అదే మ్యాచ్‌లోని రెండో కథ. దీని గురించి ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే స్నాప్‌లు చదవడం నేను నేర్చుకున్నది దీనివల్లే.

ఆ ఏడాది మా లీగ్‌లో 12 జట్లు. డబ్బు ఊసు లేదు, గెలిచినవాళ్ల టేబుల్ మీద ఏడాదంతా ఒక ట్రోఫీ ఉంటుంది, అంతే. ర్యామ్స్ రన్నింగ్ బ్యాక్ క్యామ్ ఏకర్స్ నా జట్టులో ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లో అతనికి 22 సార్లు బంతి చేతికిచ్చి పరుగెత్తించారు. వచ్చింది 29 యార్డులే, కానీ ఒక టచ్‌డౌన్ ఉంది. ర్యామ్స్‌లోనే ఇంకో రన్నింగ్ బ్యాక్ కైరన్ విలియమ్స్‌కి 15 సార్లే ఇచ్చారు. 52 యార్డులు, రెండు టచ్‌డౌన్లు.

మంగళవారం రాత్రి మా బావ ఇంట్లో భోజనం. లీగ్‌లో బావ కూడా ఉన్నాడు. నేను ధీమాగా అన్నాను, "22 సార్లు ఇచ్చారంటే కోచ్‌కి వీడే కావాలి బావా. ఈ వారం కాకపోతే పై వారం కొడతాడు."

బావ చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. "ఎన్నిసార్లు ఇచ్చారో చూశావు. బంతి ఇవ్వనప్పుడు గ్రౌండ్‌లో ఎవరున్నారో చూశావా?"

ఆ పట్టికలో ఒక్కొక్కరి స్నాప్‌లు ఉన్నాయి. స్నాప్ అంటే ఒక ప్లే మొదలవడం. ఒక జట్టు మ్యాచ్‌లో సుమారు 60 నుంచి 70 సార్లు ప్లే మొదలుపెడుతుంది. అందులో ఎవరు ఎన్నిసార్లు మైదానంలో నిలబడ్డారో పేరుపేరునా లెక్క ఉంటుంది. ఆ మ్యాచ్‌లో విలియమ్స్ ఏకర్స్ కంటే చాలా ఎక్కువ స్నాప్‌లు ఆడాడు. నాకు నోట మాట రాలేదు.

దాని అర్థం విప్పి చెబుతాను. రన్నింగ్ బ్యాక్ పని పరుగెత్తడం ఒక్కటే కాదు. పాస్ వేసేటప్పుడు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాళ్లని అడ్డుకోవాలి, లేదంటే పక్కకి జరిగి తనే క్యాచ్‌కి సిద్ధంగా ఉండాలి. స్టాఫర్డ్ లాంటి సీనియర్ వెనకాల నిలబెట్టాలంటే కోచ్‌కి ఆ మనిషి మీద గురి కుదరాలి. అడ్డుకోవడంలో ఒక్క తప్పు జరిగితే క్వార్టర్‌బ్యాక్ ఆస్పత్రిలో ఉంటాడు. కాబట్టి కోచ్ షాన్ మెక్‌వే పాస్ వేసే సమయాల్లో ఎవరిని మైదానంలో ఉంచాడన్నది, ఎవరికి ఎన్నిసార్లు బంతి ఇచ్చాడన్న దానికంటే గట్టి సాక్ష్యం. ఏకర్స్ మైదానంలోకి వచ్చాడంటే పరుగెత్తడానికే వచ్చినట్టు. విలియమ్స్ అన్ని పనులకీ ఉన్నాడు.

అయినా ఆ రాత్రి నా మనసు ఒప్పుకోలేదు. మా లీగ్ డ్రాఫ్ట్‌లో మంచి రౌండ్ ఖర్చుపెట్టి తీసుకున్న ఆటగాడు కదా, వదులుకోవడం కష్టం. బుధవారం తెల్లవారేసరికి విలియమ్స్ ఇంకొకరి జట్టులో ఉన్నాడు. ఆదివారం చూస్తే, ఆ రోజు ఆడనివాళ్ల జాబితాలో ఏకర్స్ పేరు! దెబ్బ తగిలి కాదు, కోచే పక్కన పెట్టాడు. విలియమ్స్ ఆ మ్యాచ్‌లో పరుగెత్తి 52 యార్డులు, 6 క్యాచ్‌లతో 48 యార్డులు, ఒక్కో రకంగా ఒక్కో టచ్‌డౌన్. మొత్తం 28 పాయింట్లు. ఆ నెలలోనే ఏకర్స్‌ని మిన్నెసోటాకి పంపేశారు. విలియమ్స్ ఆ సీజన్లో 12 మ్యాచ్‌లే ఆడి 1,144 యార్డులు పరుగెత్తాడు.

బావ ఆ రాత్రి చెప్పింది కొత్తదేమీ కాదు. అంకె నా కళ్ల ముందే ఉంది. డ్రాఫ్ట్ రోజు ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని మొదటి మ్యాచ్ మారుస్తుంటే, మారనివ్వాలి. నేను మారనివ్వలేదు.

[తెర మీద: లైన్ పక్కన నిలబడ్డ టైట్ ఎండ్ బొమ్మ]

స్నాప్‌ల విషయంలో ఒక హెచ్చరిక. మైదానంలో ఉన్నంత మాత్రాన బంతి రాదు. టైట్ ఎండ్ అనే స్థానం ఉంది, క్యాచ్‌లూ పట్టాలి, అడ్డుకోవాలి కూడా. వీళ్లలో కొందరు మ్యాచ్‌లో 90 శాతం స్నాప్‌లు ఆడతారు, అందులో సగం సేపు లైన్ దగ్గర ఎదుటివాళ్లని అడ్డుకుంటూనే గడిచిపోతుంది. జట్టుకి వాళ్లు బంగారమే, మన ఫాంటసీ లెక్కకి మాత్రం పనికిరారు. కాబట్టి రిసీవర్లు, టైట్ ఎండ్‌ల దగ్గర పాస్ ప్లేల్లో ఎన్నిసార్లు రూట్ పరుగెత్తాడు అన్న అంకె దొరికితే అది చూడండి. రూట్ అంటే క్యాచ్ కోసం ముందుగా అనుకున్న దారిలో పరుగెత్తడం.

ఇప్పుడు టచ్‌డౌన్లు. అందరినీ ఊరించేవి ఇవే, మోసం చేసేవీ ఇవే. 2022లో డెట్రాయిట్ తరఫున జమాల్ విలియమ్స్ 17 రన్నింగ్ టచ్‌డౌన్లు చేశాడు, లీగ్ మొత్తంలో ఎక్కువ. చాలావరకు గోల్ గీతకి అడుగు దూరం నుంచి లోపలికి దూరినవే. గీత దగ్గరికి రాగానే అతనికే బంతి ఇవ్వాలని ఆ జట్టు నిర్ణయించుకుంది, కాబట్టి ఆ ఏడాది అది నిజమైన విలువే. ఏడాదంతా పట్టిన క్యాచ్‌లు మాత్రం 12. తర్వాతి ఏడాది న్యూ ఓర్లీన్స్‌కి మారాడు. గీత దగ్గరి పని చేతిలోంచి జారిపోయింది. సీజన్ మొత్తానికి టచ్‌డౌన్ ఒక్కటే.

అదే 2022లో పిట్స్‌బర్గ్ రిసీవర్ డియాంటే జాన్సన్‌కి పూర్తిగా ఎదురు కథ. 147 టార్గెట్లు, 86 క్యాచ్‌లు, టచ్‌డౌన్లు సున్నా. మీరు అడగొచ్చు, "టార్గెట్లే ముఖ్యం అన్నారు కదా, మరి ఇతని సంగతేంటి?" అని. న్యాయమైన ప్రశ్న. ఆ ఏడాది ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు కెన్నీ పికెట్ 7, మిచ్ ట్రుబిస్కీ 4 టచ్‌డౌన్ పాస్‌లే వేశారు. వడ్డించేవాడి దగ్గరే లేకపోతే విస్తరి ముందు ఎంతసేపు కూర్చున్నా కడుపు నిండదు. అందుకని నేను టార్గెట్లు చూశాక, ఆ జట్టు గీత దాకా ఎంత తరచుగా వెళ్తోందో కూడా చూస్తాను. అయినా సరే, అన్ని టార్గెట్లు వస్తున్నవాడిని సున్నా టచ్‌డౌన్లు చూసి పారేయను. అతనికి క్యాచ్‌ల పాయింట్లు, యార్డుల పాయింట్లు కలిపి ఆ ఏడాది 170 పైనే వచ్చాయి. ఖాళీ స్థానం నింపుకోవడానికి అది తక్కువేం కాదు.

[తెర మీద: మంగళవారం అని రాసిన క్యాలెండర్]

ఇప్పుడు నా మంగళవారం రాత్రి పని ఇది. పాయింట్ల పట్టిక చివరికి వాయిదా వేస్తాను. ముందు ప్రతి జట్టులో స్నాప్‌లు కిందటి వారం కంటే ఎవరికి పెరిగాయి, ఎవరికి తగ్గాయి అని చూస్తాను. పెరిగినవాడు కనపడితే కారణం వెతుకుతాను. పైవాడికి దెబ్బ తగిలిందా? మ్యాచ్ ఏకపక్షంగా సాగి చివర్లో రిజర్వు ఆటగాళ్లని దించారా? అదైతే లెక్కలోకి తీసుకోను. రెండూ కాకుండా పెరిగితే, పాయింట్లు 4 వచ్చినా 5 వచ్చినా సరే, అతన్ని బెంచ్ మీదకి తెచ్చుకుంటాను.

వారం మధ్యలో గాయాల నివేదిక వస్తుంది. ఆదివారం ఆడే జట్లకి బుధ, గురు, శుక్రవారాల్లో ఎవరు పూర్తిగా ప్రాక్టీస్ చేశారు, ఎవరు కొంతే చేశారు, ఎవరు అసలు చేయలేదు అని రాస్తారు. శుక్రవారం నాటి మాట బుధవారం మాట కంటే ముఖ్యం. బుధవారం విశ్రాంతి ఇవ్వడం సీనియర్లకి మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు.

మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు ఆడనివాళ్ల తుది జాబితా వస్తుంది. ఫోన్ చేతిలో ఉండాల్సిన సమయం అదే. 2024 సెప్టెంబర్ 9, సోమవారం రాత్రి. శాన్ ఫ్రాన్సిస్కోకి న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్. శాన్ ఫ్రాన్సిస్కో రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ ఆ ఏడాది చాలా ఫాంటసీ డ్రాఫ్టుల్లో మొట్టమొదట పోయిన ఆటగాడు. 2019లో పరుగెత్తి వెయ్యి, క్యాచ్ పట్టి ఇంకో వెయ్యి యార్డులు దాటినవాడు. ఆ రాత్రి జాబితాలో అతని పేరుంది. అతను ఆడటం లేదు.

ఆదివారం మ్యాచ్‌లన్నీ అయిపోయాయి. లీగ్‌లో చాలామంది దగ్గర మార్చుకోవడానికి ఎవరూ మిగల్లేదు. ఆ స్థానంలో దిగింది జోర్డాన్ మేసన్, 2022లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆటగాడు. 28 సార్లు బంతి ఇచ్చారు, 147 యార్డులు, ఒక టచ్‌డౌన్. మా బావ బెంచ్ మీద మేసన్ ఆగస్టు నుంచే కూర్చుని ఉన్నాడు. జాబితా వచ్చిన నిమిషంలో బావ లైనప్ మార్చేసి, నాకు మెసేజ్ పెట్టాడు: "చూశావా?"

ఈసారి నేనూ చూశాను. మేసన్ అప్పటికే దొరకడని తెలుసు కాబట్టి, ఆ రాత్రి మిగతా జట్లలో ఇలాంటి రెండోవాళ్లు ఎవరెవరు ఖాళీగా ఉన్నారో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం తయారుచేసే పద్ధతి, ఒక్కో జట్టూ తీసుకుని, వచ్చే వీడియోలో చూపిస్తాను.