పలకని అక్షరాల పక్షాన

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు అధ్యక్షుల వారు ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం ‘ఒకే అక్షరాలున్న ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు’. మూడు గుంపుల మాటలు రాసుకొచ్చాను. మూడూ పూర్తి చేస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

పిల్లల్ని ఒకటి అడుగుతాను. రెండు అనే అంకెను ‘టూ’ అంటాం. రాసేటప్పుడు మధ్యలో డబ్ల్యూ ఎందుకు? ‘సైలెంట్’ అంటున్నారు. అదిగో, ఆ మాట మీదే నా పోట్లాటంతా. సైలెంట్ అనేస్తే ప్రశ్న చచ్చిపోతుంది. ట్విన్, ట్వైస్, ట్వెంటీ, బిట్వీన్ పైకి అనండి. డబ్ల్యూ వినబడుతోందా? కవలలు ఇద్దరు, ట్వైస్ అంటే రెండుసార్లు, ట్వెంటీ అంటే రెండు పదులు, బిట్వీన్ అంటే ఇద్దరి నడుమ. ట్వెల్వ్ అంటే అసలు అర్థం పది పోగా రెండు మిగలడం. ట్విస్ట్ కూడా ఈ ఇంటిదే, రెండు పోగులు కలిపి పేనడం. ‘టూ’లో కూడా ఒకప్పుడు డబ్ల్యూ పలికేవారు. అక్కడ నోరు మూసుకుంది, చుట్టాల ఇళ్లలో ఇంకా మాట్లాడుతూనే ఉంది.

అయితే ఈ జాబితాలో ఒక దొంగ కూర్చుంటాడు. ట్వీజర్స్. రెండు కాళ్లుంటాయి, టి-డబ్ల్యూతో మొదలవుతుంది, ఇంకేం, మనవాడే అనిపిస్తుంది. కాదు. ఫ్రెంచిలో చిన్న పనిముట్లు పెట్టుకునే పెట్టెకు ఒక పేరుంది, ఎత్వీ అని. పెట్టె పేరే చివరికి లోపలున్న పనిముట్టుకు అంటుకుంది. అక్షరాలు కలిశాయని చుట్టరికం కలపకూడదు.

రెండో గుంపు కె-ఎన్. నీ అంటే మోకాలు, నో అంటే తెలుసుకోవడం, నైఫ్ అంటే కత్తి, నాట్ అంటే ముడి. వీటన్నిటి ముందూ కె ఉంటుంది, ఎక్కడా పలకం. సుమారు 17వ శతాబ్దం దాకా ఇంగ్లీషువాళ్లు దాన్ని పలికేవారు. జర్మన్లు మోకాలిని ఇప్పటికీ ‘క్నీ’ అనే అంటారు. ఇప్పుడు మన దగ్గరికి రండి. ఆజానుబాహుడు అంటే ఎవరు? చేతులు మోకాళ్ల దాకా ఉన్నవాడు. జాను అంటే మోకాలు. ఆ సంస్కృతం జాను, ఈ ఇంగ్లీషు నీ ఒకే పాత వేరు నుంచి వచ్చాయి. జ్ఞానంలోని ‘జ్ఞ’కూ, నోలో పలకని ఆ కె-ఎన్‌కూ అదే బంధుత్వం. రోగమేమిటో తెలుసుకునే డయాగ్నసిస్, దేవుడున్నాడో లేదో తెలియదనే అగ్నాస్టిక్, ఇగ్నోర్ అనే మాటల్లో వినబడే ‘గ్న’ కూడా ఆ తెలివిడిదే, గ్రీకు, లాటిన్ దారిలో వచ్చింది. అలాగని ఇంగ్లీషు సంస్కృతంలోంచి పుట్టిందని రేపు పొద్దున ఫార్వర్డ్ మెసేజ్ పెట్టకండి. రెండూ ఇంకా పాతదైన ఒక భాష సంతానం. ఈ ఫార్వర్డులు చదివి చదివి నా ఓపిక అయిపోయింది.

ఇక మూడోది. దీని కోసమే నేనీ సభకు ఒప్పుకున్నాను. నేను పాఠం చెప్పే రోజుల్లో ఒకమ్మాయి, అప్పు అనే అర్థమున్న ‘డెట్’ని పరీక్షలో డి-ఇ-టి అని రాసింది. బి వెయ్యలేదు. పేపరు దిద్దినాయన అరమార్కు కోశాడు. అమ్మాయి ఊరుకోలేదు. ‘పలకని అక్షరం ఎవరు పెట్టారు సార్?’ అని అడిగింది. ‘రూల్ అంతే, కూర్చో’ అన్నాడాయన.

ఎవరు పెట్టారో నేను చెబుతాను, వినండి. ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానిలో బి లేనే లేదు. ఆ అమ్మాయి రాసినట్టే రాసిన ఇంగ్లీషువాళ్లు ఉన్నారు. తర్వాత 15, 16 శతాబ్దాల్లో లాటిన్ చదువుకున్న పండితులు వచ్చారు. లాటిన్‌లో ‘డెబితుమ్’ కదా, మన మాట దానికంటే తక్కువగా కనబడకూడదని తెచ్చి బి అతికించారు. సందేహం అనే ‘డౌట్’కీ ఇదే గతి. పలకడం మాత్రం జనం మార్చలేదు. అప్పట్లోనే షేక్స్‌పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకంలో ఒక పంతులు పాత్ర పెట్టాడు. ఆ పంతులు, డెట్‌లో, డౌట్‌లో బి పలకడం లేదని లోకం మీద చిర్రుబుర్రులాడతాడు. షేక్స్‌పియర్ పంతుల్ని చూసి నవ్వాడు, మనం పంతులు పక్షాన చేరి పిల్ల దగ్గర అరమార్కు లాక్కున్నాం. న్యాయమేనా? మీరే చెప్పండి!

అధ్యక్షుల వారు చీటీ పంపారు. ఒక్క నిమిషం.

నిజానికి ఆ బి మీద నాకు మరీ అంత కోపం లేదు. అతికించిందే అయినా డెబిట్ కార్డులోని డెబిట్‌కి దారి చూపిస్తుంది. సైన్‌లో పలకని జి సిగ్నేచర్‌లో పలుకుతుంది, బాంబ్‌లో చివరి బి బంబార్డ్‌లో పలుకుతుంది, కండరం అనే మజిల్‌లో సి మస్క్యులర్‌లో పలుకుతుంది. పిల్లలకు ఇలా జంటలుగా ఇస్తే స్పెల్లింగూ వస్తుంది, అర్థమూ వస్తుంది. నాకు మండేది ఐలాండ్‌లోని ఎస్ మీద. పాత ఇంగ్లీషులో దానికి ఎస్ లేదు. ద్వీపం అనే అర్థమే ఉన్న ‘ఐల్’ అనే ఫ్రెంచి మాటతో చుట్టమనుకుని పెట్టారు. చుట్టం కాదు! రిసీట్‌కి పి పెట్టినవాళ్లు మోసం అనే డిసీట్‌కి ఎందుకు పెట్టలేదు? రిసెప్షన్, డిసెప్షన్ రెండింటిలోనూ పి ఉంది కదా! దీనికి మాత్రం ఏ రూలూ లేదు.

జి-హెచ్ గురించి చాలా ఉంది, రెండు ముక్కల్లో ముగిస్తాను. నైట్, లైట్, డాటర్‌లలో జి-హెచ్ ఒకప్పుడు గొంతులోంచి వచ్చే ‘ఖ’ లాంటి శబ్దం. రాత్రిని జర్మన్లు ‘నాఖ్ట్’ అంటారు, అందులో అది ఇంకా బతికే ఉంది. దెయ్యం అనే ఘోస్ట్‌లో హెచ్ మాత్రం అచ్చువాళ్ల పని అంటారు. 1476లో ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ ప్రాంతంలో ఉండి వచ్చినవాడు, అక్కడివాళ్ల స్పెల్లింగ్ ఇక్కడ దిగింది. ఆనందం అనే డిలైట్‌లో లైట్ కనబడుతుంది, కానీ వెలుగుతో దానికి ఏ సంబంధమూ లేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు జి-హెచ్ లేదు, లైట్‌ని చూసి తగిలించుకుంది.

టీచర్లకు ఒక మాట. వర్డ్ లిస్టులు అచ్చు వేసేవాళ్లు అక్షరాలు కలిసినవన్నీ ఒకే పేజీలో కుక్కుతున్నారు. రేపు క్లాసులో ఒక పేజీ తీసి, వీటిలో నిజమైన చుట్టాలెవరు, ఊరికే వచ్చి కూర్చున్నదెవరు అని పిల్లల్నే అడగండి. డిక్షనరీలో మాట పుట్టుక రాసే చిన్న అక్షరాల భాగం ఉంటుంది, అది చదవడం నేర్పండి. బట్టీ పరీక్ష ఒక వారం ఆగినా కొంప మునగదు.

రెండో చీటీ కూడా వచ్చింది. మైకు ఇచ్చేస్తున్నాను.