నర్సీపట్నంలో మా తాతయ్య ఇల్లు, దాని పక్కనే సామిల్లు

అందరికీ నమస్తే అండి, ఇవాళ వైజాగ్ నుంచి పొద్దున్నే బయల్దేరి నర్సీపట్నం వచ్చేశా. 2022లో ఇది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ మా ఇంట్లో ఇప్పటికీ విశాఖ జిల్లా అనే అంటారు, ఏం చేస్తాం.

ఇదిగో, ఈ వీధి గుమ్మం టేకు, లోపలి గుమ్మం వేప, ఆ పెరటి తలుపు పనస, పైన దూలాలేమో మద్ది. ఒకే ఇంట్లో ఇన్ని రకాల కర్ర పెట్టకూడదని పెద్దోళ్లు అన్నారంట, కానీ తాతయ్య వింటేగా, మిల్లులో అమ్ముడుపోకుండా ఏది మిగిలితే అది తెచ్చి బిగించేశాడు, అందుకే ఏ రెండు తలుపులూ ఒక సైజులో ఉండవు.

మొదట్లో మిషను లేదండి. గొయ్యి తవ్వి, దాని మీద దుంగ పెట్టి, పైన ఒకడు కింద ఒకడు నిలబడి రంపం లాగేవాళ్లు, కిందోడి కళ్లనిండా పొట్టే. తర్వాత ఆయిల్ ఇంజను, ఆ తర్వాత కరెంటు, బ్యాండ్ సా, అంటే పట్టీలా గుండ్రంగా తిరిగే రంపం మిషను. ఆ పొట్టేమో మామ్మ పొయ్యిలోకి. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు గట్టిగా కూరి, సీసా మెల్లిగా లాగేసి కింద కన్నంలోంచి అంటిస్తే పొద్దున్న కాఫీ నుంచి మధ్యాహ్నం పప్పు దాకా అదే మండేది. సీసా తీసేటప్పుడు కూలిపోయిందా, మా వీపు పగిలేది.

1996లో అడవుల్ని కాపాడమని వేసిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల్లో అనుమతి లేని సామిల్లులు ఆపేయమంది కదా, 2002లో కొత్త మిల్లులకీ తన కమిటీ పర్మిషన్ ఉండాల్సిందే అంది. మాది ఊళ్లో మిల్లు, లైసెన్స్ ఉంది, అయినా తాతయ్య ఆ కాగితాన్ని దేవుడి పటం వెనకే దాచేవాడు, మిషను కన్నా దానికే విలువ అనేవాడు.

అసలు దెబ్బ మాత్రం హుద్‌హుద్ తుఫాను తర్వాతే. 2014 అక్టోబర్ 12న వైజాగ్‌లో ఎన్ని చెట్లు పడ్డాయో మీకు చెప్పక్కర్లేదు, దుంగలు చవగ్గా వస్తున్నాయని నాన్న లారీ నింపుకొచ్చాడు. రోడ్డు పక్క చెట్లు కదండీ, ఏళ్ల తరబడి బ్యానర్లకి కొట్టిన మేకులు మానులో లోపలికి పోయి ఉన్నాయి, పైకి కనపడవు. మూడో దుంగకే టంగుమంది, బ్లేడు రెండు ముక్కలు! అప్పటికే జనం స్టీలు తలుపులు, ప్లైవుడ్డు అంటున్నారు, ఇక నాన్న కొత్త బ్లేడు కొనలేదు.

ఆ ముక్క ఏమైందంటారా? మామ్మ కమ్మరి దగ్గర కత్తి చేయించింది. ఇదిగో, పనసపొట్టు కొట్టడానికి ఇప్పటికీ ఇదే.