కోర్టు మెట్ల మీద నాన్న

అందరికీ నమస్కారం. పెద్దలకు, కమిటీవారికి, పొద్దుటినుంచి వంటల దగ్గరే ఉన్న అక్కలకు పేరుపేరునా దండాలు. అమెరికాలో మనముండే సెయింట్ లూయిస్ నగరంలోని పాత కోర్టు కట్టడం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు.

1839లో హెన్రీ సింగిల్టన్ నమూనాతో పని మొదలైంది. కౌంటీ కోర్టే, అంటే మన జిల్లా కోర్టు లాంటిదే అయినా గ్రీకు గుడిలా కట్టారు. ముందు వరసగా డోరిక్ స్తంభాలు, పైన త్రికోణం. స్తంభాల మీద లతలూ పూలూ ఉండవు, బరువుగా నిటారుగా నిలబడతాయంతే. తర్వాత విలియం రంబోల్డ్ రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిని తలపించేలా పోత ఇనుముతో గోపురం పెట్టాడు. కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పెట్టేదాకా చూస్తాం.

ఒక్కసారి చేతులెత్తండి. మన ఊరి పెద్ద కమాను, గేట్‌వే ఆర్చి ఎక్కినవాళ్లు? అందరూ ఎక్కారు. ఎదురుగా ఉన్న ఈ కోర్టు లోపలికి వెళ్లినవాళ్లు? చూశారా, ఇదే నా బాధ. గోపురం వెనక పడేలా ఫొటో తీసుకుని వెళ్లిపోతాం.

నేనూ అంతే. మా నాన్న వచ్చినప్పుడు ఆయనే లోపలికి పదమన్నాడు. ఊళ్లో మునసబు కోర్టులో అమీనాగా చేశాడు. డిక్రీ పడితే జప్తు చేయడం, టముకు వేయించి వేలం పాడించడం ఆయన పని. ఈ మెట్ల మీద బానిసలను వేలం వేసేవారని బోర్డు చదివి చెప్పాను. "ఎందుకు వేశారు?" అన్నాడు. చనిపోయిన యజమానుల ఆస్తి తేల్చడానికి, కోర్టు పనిలో భాగంగానే అన్నాను.

మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అయితే జాబితా రాసుంటారమ్మా. మంచాలు, గొడ్లు, మనుషులు, అన్నీ ఒకే కాగితం మీద" అన్నాడు. అలాంటి జాబితాలు చేత్తో రాసినవాడు కదా, ఆయనకది కళ్లకు కట్టింది.

బానిసలుగా ఉన్న డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హ్యారియెట్ 1846లో స్వేచ్ఛ కోసం దావా వేసింది ఈ కోర్టులోనే. 1850లో జ్యూరీ గెలిపించింది. రెండేళ్లకు రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 1857లో దేశ సుప్రీంకోర్టయితే నల్లవాళ్లు పౌరులే కాలేరంది. ఇప్పుడు ఆ భార్యాభర్తల విగ్రహం బయటే ఉంది. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

స్తంభాల గురించి ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను, పక్కన పెట్టేస్తున్నాను. వచ్చే శనివారం పదింటికి ఆ విగ్రహం దగ్గర ఉంటాను. పిల్లలను తీసుకురండి, అందరం కలిసి లోపలికి వెళదాం.