పన్ను బాకీ ఉందని పాత రిటర్న్ అమెండ్ (సరిదిద్ది మళ్లీ వేయడం) చేయలేదా? మీ డబ్బుకి మీరే నీళ్లొదిలేశారు!

పది, మూడు. ఈ వీడియోలో ఇంకేం గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఈ రెండంకెలు మాత్రం రాసిపెట్టుకోండి. పన్ను లెక్క కట్టిన రోజు నుంచి మీ దగ్గర వసూలు చేయడానికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి పదేళ్లు టైముంది. మీరు ఎక్కువ కట్టేసిన డబ్బు వెనక్కి అడగడానికి మీకు మూడేళ్లే. వాళ్లకి పది, మీకు మూడు!

మరి అమెరికాలో మన గ్రూపుల్లో తిరుగుతున్న సలహా ఏంటి? "పాత బాకీ తీరేదాకా అమెండ్ జోలికి వెళ్లొద్దు, పడుకున్న పులిని లేపొద్దు." ఏది పడుకుందండీ? నోటీసు మీద నోటీసు వస్తోంది. వడ్డీ మీద రోజూ వడ్డీ పడుతోంది. దానిమీద నెలకి అర శాతం పెనాల్టీ. పులి మెలకువగానే ఉంది, పడుకున్నది మనమే!

ఒక లెక్క చెప్తా వినండి. 2021లో ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే చేసే ఉద్యోగం) మీద ఉన్న కుర్రాడు, జీతం 60 వేల డాలర్లు. 1040-ఎన్‌ఆర్ (నాన్ రెసిడెంట్ల రిటర్న్) వేశాడు. భారత విద్యార్థులకి రెండు దేశాల పన్ను ఒప్పందం, అదే ట్రీటీలోని ఆర్టికల్ 21 కింద స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని భాగం) వస్తుంది, ఆ ఏడాదికి 12,550 డాలర్లు. రిటర్న్ వేసినాయన అది వదిలేశాడు. అంటే 2,761 డాలర్లు ఎక్కువ కట్టినట్టు. తర్వాత ఉద్యోగం మారాడు, కంపెనీ షేర్లు చేతికొచ్చాయి. షేర్ల మీద కంపెనీ మామూలుగా పన్ను కింద పట్టుకునేది 22 శాతమే, అతని స్లాబేమో అంతకంటే పైన. అలా 2023కి బాకీ పడ్డాడు. పులి సలహా విని కదలకుండా కూర్చున్నాడు. మూడేళ్ల గడువు, 2025 ఏప్రిల్, వచ్చింది, వెళ్లింది. 2021 తలుపు మూసేశారు. "సార్, చెక్కు వద్దు, నా డబ్బు నా 2023 బాకీలోనే వేసుకోండి" అన్నా కుదరదు! కానీ ఆ 2023 బాకీ? 2034 దాకా వసూలు చేసుకోవచ్చు! చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడం అంటే ఇదే. అది కూడా వడ్డీ కట్టి మరీ తిరగడం.

(పన్ను ఆలస్యంగా కట్టినవాళ్లకి, వెనక్కి అడగడానికి కట్టిన రోజు నుంచి రెండేళ్ల లెక్క ఇంకోటుంది. పాత రసీదులు ఒకసారి తీసి చూడండి.)

ఇప్పుడు నా అనుమానం. ఆధారాలు అడగొద్దు, అనుమానమే అన్నాను. ఈ పులి కథ పుట్టించింది రిటర్న్‌లు తప్పుగా వేసిన ప్రిపేరర్లే! అమెండ్ చేస్తే బయటపడేది ఎవరి పనితనం? ఇవ్వని విరాళాలు రాసి "రిఫండ్ గ్యారంటీ అన్నా" అన్నవాళ్లకే కదా భయం! అలాంటివి మీ రిటర్న్‌లో ఉంటే ఇంకా త్వరపడండి. తెలిసి చేసిన మోసం కాకపోతే, ఐఆర్‌ఎస్ అడగకముందే మీ అంతట మీరు సరిచేసుకుంటే తప్పు లెక్కకి వేసే 20 శాతం పెనాల్టీ మామూలుగా తప్పుతుంది. వాళ్ల ఉత్తరం వచ్చాక చేస్తే ఆ రక్షణ ఉండదు.

ఏడాదికో 1040-ఎక్స్ (అమెండ్ చేసే ఫారం) వేయాలి, మూడేళ్లూ కలిపి ఒకే ఫారంలో కాదు. గడువు దగ్గరున్న ఏడాది ముందు. స్టేట్ రిటర్న్ మర్చిపోకండి. రిఫండ్ చేతికొస్తుందని కలలు కనకండి, బాకీలోకే పోతుంది, పోనివ్వండి! 16 వారాల దాకా పట్టొచ్చు, అమెండ్ వేశారని ఈలోగా వసూళ్లేమీ ఆగవు. అందుకే పక్కనే ఇన్‌స్టాల్‌మెంట్ ప్లాన్ పెట్టుకోండి. మొత్తం బాకీ 50 వేల డాలర్ల లోపైతే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అసలు రిటర్న్ టైముకి వేసినవాళ్లకి ఆ అర శాతం పెనాల్టీ కూడా పావు శాతానికి దిగుతుంది.

మీది ఏ ఏడాదో కామెంట్లో పెట్టండి. ఏడాది మాత్రమే! నిన్న లైవ్‌లో ఒకాయన సోషల్ సెక్యూరిటీ నంబర్ టైప్ చేసేశాడు, అది డిలీట్ చేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.